నిన్నటి ముగ్గు

వెయ్యి అబద్ధాలాడి ఒక పెళ్ళి చెయ్యమన్నారు పెద్దలు. నేను ఒకే ఒక్క అబద్ధంతో సాల్ట్ లేక్‌లో ఫ్లాట్ అద్దెకు తీసుకున్నాను. ఇల్లు చూడ్డానికి వెళ్ళిన రోజు ఇంటావిడ, మీ అమ్మగారు ఏం చేసేవారని అడిగింది. కార్పొరేషన్‌లో అన్నాను. అంతవరకు నిజమే. ఆఫీసులోనా అని ఆవిడే అందించింది. అవునన్నాను. అమ్మ ముప్పై ఏళ్ళు కార్పొరేషన్ వీధులు ఊడ్చి రిటైరైంది. ఇంటావిడకు చెప్పిన మాట బ్లాకంతా పాకడానికి వారం పట్టలేదు. అమ్మకు మాత్రం ఆ సంగతి చెప్పలేదు.

ఈ బెంగాలీ ఊళ్ళో చలి ఉండేదే ఆరు వారాలు. దానికోసం మిగతా ఏడాదంతా ఎదురుచూస్తారు. పదహారు డిగ్రీలకే మంకీ టోపీలు బయటికొస్తాయి. మా బ్లాకు పార్కులో ఆదివారానికొక సందడి. ఒక వారం పిల్లలు నేలమీద కూర్చుని బొమ్మలు వేసే పోటీ, ఒక వారం చామంతుల ప్రదర్శన, ఒక వారం ఖర్జూర బెల్లంతో పిండివంటలు. సాయంత్రాలు హార్మోనియం ముందు కూర్చుని పాడేవాళ్ళందరికీ జలుబే. నేను ఇవన్నీ బాల్కనీలోంచి చూసేదాన్ని. అబద్ధం దాచుకున్నవాళ్ళకి పరిచయాలు ఎంత తక్కువైతే అంత మంచిది.

అమ్మకి ఆ బాధ లేదు గనక రోజూ పార్కుకి వెళ్ళేది. ఆమె మాట్లాడే బెంగాలీ వీధులు ఊడుస్తూ నేర్చుకున్నది, గరుకుగా ఉంటుంది. ఆంధ్రావాళ్ళ బెంగాలీ అంతే కాబోలని వాళ్ళు సరిపెట్టుకున్నారు. ఏం పని చేశావని ఆమెను ఎవరూ అడగలేదు. అందరికీ తెలుసు కదా మరి.

కిందటి చలికాలంలో ఆల్పనా పోటీ పెట్టారు. ఆల్పనా అంటే నానబెట్టి రుబ్బిన బియ్యప్పిండిలో గుడ్డపీలిక ముంచి, వేళ్ళతో నేలమీద వేసే బెంగాలీల ముగ్గు. ఏ రాష్ట్రం వాళ్ళు వాళ్ళ పద్ధతిలో వేసుకోవచ్చునన్నారు. అమ్మ నాతో ఒక్క మాటైనా అనకుండా పేరు ఇచ్చి వచ్చింది. అంతమంది ఆడవాళ్ళ మధ్య రెండు గంటలు కూర్చుంటే మాట ఎటు పోతుందో ఎవరికి తెలుసు? కొరివితో తల గోక్కోవడం అంటే ఇదేననుకున్నాను. మోకాళ్ళ నొప్పులు కదా, మానెయ్యకూడదా అని కూడా అన్నాను. ఆమె వినలేదు. ఇంతకుముందు మేమున్న లైను ఇళ్ళల్లో గుమ్మం ముందు ఒక బకెట్ పట్టేంత చోటు. బతుకంతా ఏడు చుక్కల ముగ్గుతో సరిపెట్టుకున్న మనిషికి ఇన్నాళ్ళకి ఇద్దరు పడుకునేంత నేల దొరుకుతోంది.

శనివారం మధ్యాహ్నం పార్కు సిమెంటు బాట మీద సుద్దతో గళ్ళు గీసి ఇచ్చారు. అందరూ తీగలూ శంఖాలూ చేపలూ వేస్తున్నారు. ఊరందరిదీ ఒక దారి, ఉలిపికట్టెదొక దారి. అమ్మ పొడిపిండితో చుక్కలు పెట్టుకుంటూ పోయింది, ఇరవై ఒకటి నుంచి పదకొండు దాకా. మెలికలు తిరగడం మొదలయ్యాక జనం చుట్టూ చేరారు. కాలేజీ పిల్లలు ఫోన్లు తీశారు. నాకు గర్వమనిపించింది, అబద్ధమెందుకు. రుబ్బిన పిండి ఆరితేగాని తెల్లబడదు గనక, జడ్జీలు ఆదివారం పదింటికి వస్తారనీ అంతదాకా ఎవరూ ఏదీ ముట్టుకోవద్దనీ కమిటీ సెక్రటరీ మైకులో చెప్పాడు. అమ్మ అప్పుడు దూరంగా టీ తాగుతోంది, ఆ మాట పట్టించుకున్నట్టు లేదు. ఫస్టు ప్రైజు మీ ఇంటికేనని ఆయన నాతో చాటుగా అన్నాడు.

ఆదివారం లేచేసరికి ఇంట్లో అమ్మ లేదు. బకెట్, చీపురు కూడా లేవు. నేను చెప్పులేసుకుని పరుగెత్తాను. అప్పటికే ఆమె తన గడి ఊడ్చి, కడిగి, కొత్త ముగ్గు ముగించేస్తోంది. పక్క గళ్ళ మీద ఒక్క నీటిచుక్క పడలేదు.

"నిన్నటి ముగ్గు మీద తెల్లారనిస్తారేటే?" అంది తలెత్తకుండా.

మా వాళ్ళలో అది రోజూ జరిగేదే. ముగ్గు ఆ పూటకే. పొద్దున్నే కడిగి కొత్తది వెయ్యకపోతే, ఆ ఇంట్లో ఎవరు పోయారని అడుగుతారు. అందులోనే పుట్టి పెరిగినదాన్ని, మైకులో ఆ మాట విన్నప్పుడు నాకూ ఇది తట్టలేదు.

సెక్రటరీ తొమ్మిదింటికి మఫ్లరు చుట్టుకుని వచ్చాడు. రిటైరైన లెక్చరరు, మెత్తని మనిషి. చాలాసేపు ముగ్గుకేసి చూశాడు. నిన్నటికంటే ఇదే బాగుందని ఒప్పుకున్నాడు. కానీ అందరూ ఆ రెండు గంటల్లోనే వెయ్యాలన్నది నియమం, దీన్ని పోటీకి తీసుకోలేమన్నాడు. ఆడవాళ్ళు కొందరు అమ్మ తరఫున వాదించారు. ఆయన ఇబ్బందిపడి అమ్మవైపు తిరిగాడు.

"దీదీ, మీరు ముప్పై ఏళ్ళు కార్పొరేషన్ ఆఫీసులో పనిచేశారని మీ అమ్మాయి చెప్పింది. రూలు సంగతి మీకు తెలియనిదా?"

అమ్మ ఆయన్ని చూసింది. తరవాత నన్ను చూసింది. నేను ముగ్గుకేసి చూస్తూ నిలబడ్డాను. ఊడ్చిన వీధిలో చెత్త పోశాడని ఒక కొట్టువాణ్ణి చీపురుతో వెంటబడ్డ మనిషి ఆమె. తన పని గురించి ఎవరి దగ్గరా ఏనాడూ గొంతు తగ్గించలేదు. ఆ క్షణంలో ఆమె నోరు విప్పకుండా ఉంటే చాలని నేను మొక్కుకున్నాను. కన్నతల్లి విషయంలో అలా మొక్కుకున్నాను.

అమ్మ చీపురు పార్కు గోడకి ఆనించింది.

"అవును దాదా, ఆఫీసే," అంది బెంగాలీలో. "ముసలిదాన్నయ్యాను, మర్చిపోయాను."

ప్రైజు శంఖాల తీగ వేసిన ఆవిడకి వచ్చింది. బాగానే వేసింది. అమ్మ అందరితోపాటు చప్పట్లు కొట్టింది. ఇంటికొస్తూ బకెట్ నేను పట్టుకున్నాను. దారి పొడుగునా తిట్లకోసం కాచుకున్నాను. తిడితే బాగుండుననిపించింది. లిఫ్టు ముందు నిలబడ్డాక అడిగింది.

"ఒలే, ఆపీసుల నానేటి పని సేసేదాన్నే? రేపు ఎవులైనా అడిగితే సెప్పాల గదా."

గొంతులో కోపం లేదు. నాకు సిగ్గేసింది. అయినా జవాబు చెప్పాను. వచ్చిన ఉత్తరాలు పుస్తకంలో రాసుకునేదానివని చెప్పమన్నాను.

"నాకు రాత రాదు గదే. పట్టుబడిపోతాం," అంది.

అయితే ఫైళ్ళు ఒక బల్ల మీంచి ఇంకో బల్ల మీదికి అందించేదానివని చెప్పమన్నాను. అమ్మ తల ఊపి, లిఫ్టు వచ్చేదాకా ఆ మాట మెల్లగా రెండుసార్లు అనుకుంది.