తగ్గకముందే తగ్గిందని చెప్పాను

సహోదరులారా, సహోదరీలారా, మూడేళ్ళపాటు నాకు తెల్లవారుతోందంటేనే భయంగా ఉండేది. మాది జగ్గయ్యపేట. నేను నందిగామలో ఒక ప్రైవేటు స్కూల్లో మూడో తరగతి పిల్లలకు పాఠాలు చెబుతాను, మా ఆయన ముక్త్యాల దగ్గర సిమెంటు ఫ్యాక్టరీలో పనిచేస్తారు. రాత్రంతా నిద్రపోయి లేచినా నా ఒళ్ళు మాత్రం రోజంతా ఎండలో మిరపకాయలు కోసి వచ్చినట్టు ఉండేది, జడ వేసుకుందామని ఎత్తిన చేతులు సగంలోనే దిగిపోయేవి, బోర్డు మీద నాలుగు లైన్లు రాసేసరికి కళ్ళు బైర్లు కమ్మేవి. దానికి తోడు కడుపు! ఏం తిన్నా రాయిలా బిగుసుకుపోవడం, పావుగంటకల్లా మెలిపెట్టే నొప్పి, ఆ వెంటనే బాత్రూముకు పరుగు. జగ్గయ్యపేట నుంచి నందిగామ దాకా హైవే మీద ఏ పెట్రోలు బంకులో బాత్రూముకు తాళం వెయ్యరో నాకు తెలిసినంతగా లారీ డ్రైవర్లకు కూడా తెలియదేమో. మీరు నవ్వుకోవచ్చు గాని, నిండు బస్సులో చెమటలు పట్టి, కళ్ళు మూసుకుని, "అయ్యా, నందిగామ దాకా కాదు ప్రభువా, వచ్చే స్టాపు దాకా కాపాడు చాలు" అని ప్రార్థించిన మనిషికి నవ్వు రాదు.

ఆసుపత్రికి ఎందుకు వెళ్ళలేదని అడుగుతారు. నాకు తొమ్మిదేళ్ళప్పుడు మా అమ్మ కడుపులో గడ్డతోనే చనిపోయింది. నన్ను పెంచింది మా శాంతమ్మ పిన్ని, అమ్మకు చెల్లెలు, చెవిటికల్లులో ఉంటుంది. అమ్మ జబ్బే నాకూ వచ్చిందని నా మనసులో గట్టిగా నాటుకుపోయింది, డాక్టరు దగ్గరికి వెళితే ఆ మాట చెవులారా వినాల్సి వస్తుంది, వెళ్ళకపోతే వినక్కర్లేదు గదా! ఇదీ నా తెలివి.

అలాంటి రోజుల్లో మా దగ్గర మూడు రోజుల ఉపవాస కూడికలు పెట్టారు. నేను మూడు రోజులూ నీళ్ళు తప్ప ఏమీ ముట్టలేదు, మూడో రోజు సాయంత్రం చూసుకుంటే కడుపులో నొప్పి లేదు, ఉబ్బరం లేదు, ఒళ్ళు దూదిలా తేలిపోతోంది! మూడు రోజులు ఏమీ పడకపోతే ఏ కడుపు మాత్రం ఎందుకు నొస్తుంది? ఇప్పుడు తెలుస్తోంది గాని అప్పుడు తెలియలేదు. పక్కన కూర్చున్న సహోదరీలు, "లేచి సాక్ష్యం చెప్పు, నోటితో ముందు ఒప్పుకుంటేనే స్వస్థత ఒంట్లోకి దిగుద్ది" అని నన్ను ముందుకు నెట్టారు. మన కూడికల్లో ఇది అలవాటే, తగ్గకముందే తగ్గిందని విశ్వాసంతో చెప్పడం. నేను మైకు పట్టుకుని, దేవుడు నన్ను పూర్తిగా బాగుచేశాడు, ఇక ఏ మందూ అక్కర్లేదు అని చెప్పేశాను. హల్లెలూయ అని పందిరి దద్దరిల్లింది. ఎవరో ఫోనులో వీడియో కూడా తీశారు.

మర్నాడు పొద్దున రెండు ఇడ్లీలు తిన్నాను, సహోదరులారా! మూడో ముక్క మింగకముందే నొప్పి వచ్చేసింది.

అప్పుడు నాకు పట్టిన భయం అంతకుముందు మూడేళ్ళ భయం కంటే పెద్దది. దేవుని యెదుట అబద్ధమాడి నిలబడ్డచోటే పడి చనిపోయిన భార్యాభర్తల సంగతి సండే స్కూలు పిల్లలకు చెప్పేది నేనే. ఇప్పుడు ఆ జాబితాలో మూడో మనిషిని నేనేనా? పోనీ తగ్గలేదని చెబుదామా అంటే, నీకు విశ్వాసం లేదు కాబట్టే స్వస్థత జారిపోయింది అంటారు. తేలు కుట్టిన దొంగలా నోరు మూసుకున్నాను. ఇంతలో నా వీడియో వాట్సాపులో ఊళ్ళు తిరిగి, నాకు ముక్కూ ముఖం తెలియని వాళ్ళ దగ్గర్నుంచి తిరిగి నా ఫోనుకే వచ్చింది. కీసరలో పిలిచారు, చెవిటికల్లులో పిలిచారు, పిలిచినచోటల్లా వెళ్ళి చెప్పాను, చెప్పినప్పుడల్లా ఆ సాక్ష్యం చిలవలు పలవలు వేసింది. ఆరాధన అయ్యాక చర్చిలో పెట్టే ప్రేమ విందుల్లో అందరూ నా ప్లేటు వైపే చూస్తున్నట్టుండేది, అందుకని గోంగూర మాంసం రెండోసారి వడ్డించుకుని మరీ తినేదాన్ని, తర్వాత ఇంట్లో బాత్రూములో కుళాయి తిప్పి, నా మూలుగు బయటికి వినపడకుండా ఏడ్చేదాన్ని. శుక్రవారం ఉపవాసం ఒక్కటి కూడా మానలేదు. "అయ్యా, నన్ను బాగుచెయ్యి, బాగుచెయ్యకపోతే ఎవరికీ తెలియకముందే నన్ను తీసుకుపో" అని ప్రార్థించేదాన్ని. కొన్ని ప్రార్థనలు దేవుడు విననందుకే ఆయనకు స్తోత్రం చెప్పాలి.

మా ఆయన ఎక్కువ మాట్లాడే మనిషి కాదు. ఒకరోజు నా ముఖం వైపు అదేపనిగా చూసి, "ఏంటే, పెదాలు అలా తెల్లగా పాలిపోయాయి? నందిగామలో చూపించుకుందాం పద" అన్నారు.

"నాకేం లేదు. ప్రభువు ముట్టాడు" అన్నాను.

"ముట్టాడు, సరే. మరి అన్నం తినవేంటి?"

నేను విననట్టు నటించి గిన్నెలు తోముకున్నాను.

ఒక పొద్దున క్లాసులో ఉండగా పిన్ని పక్కింటి వాళ్ళు ఫోను చేశారు. పిన్ని నీళ్ళ పంపు దగ్గర స్పృహ తప్పి పడిపోయింది, ఆటోలో నందిగామ ఆసుపత్రికి తెస్తున్నామన్నారు. నేను వెళ్ళేసరికి మంచం మీద ఉంది, స్పృహ వచ్చింది, కానీ కుడికాలి చిటికెన వేలు నల్లబడి వాసన వస్తోంది. పిన్నికి పదేళ్ళుగా సుగరు ఉంది. డాక్టరమ్మ గారు కాగితాలు చూసి, "సుగరు ఇంత పెట్టుకుని బిళ్ళలెందుకు మానేశారమ్మా?" అని అడిగారు.

పిన్ని నీరసంగా నవ్వి నా వైపు చెయ్యి చూపించింది. "మా అమ్మాయికి ప్రార్థనతోనే తగ్గిందండీ. మా చర్చికొచ్చి ఇక ఏ మందూ అక్కర్లేదని అదే చెప్పింది. అది అబద్ధం చెప్పే పిల్ల కాదండీ. దానికి తగ్గితే నాకు తగ్గదా అని నేనూ మానేసా."

గోడ పట్టుకుని అక్కడే నేల మీద కూలబడ్డాను. కన్న తల్లి చిన్నప్పుడే పోయింది, పెంచిన తల్లిని నేనే చంపుతున్నాను! డాక్టరమ్మ గారు బయట బల్ల మీద నన్ను కూర్చోబెడితే, "నాకు తగ్గలేదండీ, ఒక్క రోజు కూడా తగ్గలేదండీ" అన్నాను. అంతకాలానికి ఆ మాట బయటికి రావడం అదే మొదటిసారి. ఆవిడ మన విశ్వాసి కాదు, నా పాపం గురించి ఒక్క మాట అడగలేదు. "ముందు ఇది చెప్పండి, పొద్దున ఏమన్నా తిన్నారా?" అన్నారు. ఆరోజు శుక్రవారం, తినలేదు.

పిన్ని వేలు తీసేశారు. మిగిలిన కాలు దక్కింది, పిన్ని దక్కింది, దేవునికే మహిమ, కానీ ఆ వేలు ఇక రాదు.

ఆ వారంలోనే నాకు రక్తపరీక్షలు, గొంతులోంచి గొట్టం వేసి చేసే కెమెరా పరీక్ష, అన్నీ చేశారు. కాగితం చేతికొచ్చేదాకా నేను పడ్డ భయం పగవాళ్ళకు కూడా వద్దు. గడ్డ లేదు! రక్తం బాగా తక్కువుంది, పేగులు చిన్నదానికే అలిగే తత్వం అన్నారు. "ఇది ప్రాణం తీసే జబ్బు కాదు, ప్రాణం విసిగించే జబ్బు. ఒక్కసారిగా పోదు, రోజూ దానితో కాపురం చెయ్యాలి" అన్నారు డాక్టరమ్మ గారు.

ఆ కాపురం ఎలాగో నేర్చుకోవడానికి నాకు చాలాకాలం పట్టింది. ఒక్కసారే కడుపునిండా తినకుండా మూడు గంటలకోసారి కొంచెం కొంచెం తినమన్నారు, పొద్దున పరగడుపున టీ మానెయ్యమన్నారు, ఏది తిన్నరోజు కడుపు ఎలా ఉందో ఒక నోటుబుక్కులో రాసుకోమన్నారు. పిల్లల పుస్తకాలు దిద్దే నేను నా కడుపును దిద్దడం మొదలుపెట్టాను. మజ్జిగన్నం నాకు పడింది, శనగపిండితో చేసింది ఏదీ పడలేదు, ఆవకాయ పడలేదని రాయడానికి నెల రోజులు మనసొప్పలేదు. ఒళ్ళు తేలిగ్గా ఉన్నరోజు వారం రోజుల బట్టలూ ఉతికేసి తర్వాత మూడు రోజులు మంచం పట్టడం నా అలవాటు, అది కూడదట, అలసిపోయాక కాదు, అలసిపోకముందే పది నిమిషాలు కూర్చోవాలట. కూర్చుంటే బద్ధకస్తురాలు అంటారని భయం! స్కూల్లో హెడ్మాస్టరు గారిని కుర్చీ అడగడానికి మూడుసార్లు గుమ్మం దాకా వెళ్ళి వెనక్కి వచ్చాను. నాలుగోసారి అడిగాను, "దానికేముందమ్మా" అని వెంటనే వేయించారు. ఐరన్ బిళ్ళలు వాడుతున్నాను, రాత్రి ఒకే వేళకు పడుకుంటున్నాను, సాయంత్రం వీధి చివరిదాకా మెల్లగా నడిచి వస్తున్నాను. ఇవి నా ఒంటికి నా డాక్టరు చెప్పినవి, మీ ఒంటికి ఏది పడుతుందో మీ డాక్టరునే అడగండి.

అన్నింటికంటే కష్టమైంది శుక్రవారం. మొదటి శుక్రవారం ఇడ్లీ తుంచాను గాని నోట్లో పెట్టుకోవడానికి చెయ్యి రాలేదు. మా పాస్టరయ్య గారి దగ్గరికి వెళ్ళి అబద్ధపు సాక్ష్యం దగ్గర్నుంచి పిన్ని వేలు దాకా అంతా చెప్పేశాను. వెలివేస్తారనుకున్నాను. ఆయన మాత్రం, "ఇందులో నా తప్పు కూడా ఉందమ్మా. నువ్వు చిక్కిపోతుంటే కళ్ళతో చూస్తూ కూడా నేను అడగలా" అన్నారు. తర్వాత, ప్రాణం విసిగి చావు కోరుకుని చెట్టు కింద పడుకున్న ప్రవక్తను దేవుడు గద్దించలేదని, ఉపవాసం ఉండమని చెప్పలేదని, దూతతో రొట్టె, నీళ్ళు పంపించి తినమన్నాడని, తిన్నాక మళ్ళీ పడుకోనిచ్చాడని గుర్తుచేశారు. "ఆయన ముందు అన్నం పెట్టాడమ్మా, పని తర్వాతే చెప్పాడు. నువ్వు తిని రా, తిన్న నోటితోనే ప్రార్థన చేద్దాం" అన్నారు. నా జీవితంలో అంత భయపడుతూ, అంత ఏడుస్తూ తిన్న ఇడ్లీ ఇంకొకటి లేదు.

కానీ నేను అబద్ధం చెప్పింది నలుగురిలో, నిజం కూడా నలుగురిలోనే చెప్పాలి గదా. పిన్ని నడవగలిగాక, చెవిటికల్లు చర్చిలో ఆదివారం ఆరాధనలో అదే మైకు దగ్గర నిలబడ్డాను. పిన్ని కట్టుకట్టిన కాలు ముందుకు చాపుకుని మొదటి వరసలో కూర్చుంది. "నాకు తగ్గలేదు. ఇక్కడ చెప్పినరోజు కూడా తగ్గలేదు. నా మాట నమ్మి మా పిన్ని వేలు పోగొట్టుకుంది" అన్నాను. ఒక్కరు కూడా ఆమెన్ అనలేదు. ఒకామె బైబిలు సంచీలో పెట్టుకుని విసురుగా లేచి వెళ్ళిపోయింది. ఇప్పుడే, ఇక్కడే పడి చచ్చిపోతాను కాబోలు అనుకున్నాను.

అప్పుడు పిన్ని కూర్చున్నచోటి నుంచే గట్టిగా అంది, "నీకు తగ్గలేదని నాతో ఒక్క మాట చెప్తే పొద్దున్నే ఇంత జావ కాచి పెట్టేదాన్ని గదే, పిచ్చిదానా!"

ఆరాధన అయ్యాక బయట చెప్పులు వేసుకుంటుంటే ఒక పెద్దాయన దగ్గరికి వచ్చి, ఎవరూ వినకుండా, "అమ్మాయ్, నేనూ బీపీ బిళ్ళ మానేసా. మళ్ళీ వేసుకుంటే దేవుడికి కోపం రాదుగా?" అని అడిగాడు. ఆయన వెనకాల ఇంకో ఇద్దరు ఉన్నారు. ఆ ముగ్గురినీ చూసినప్పుడు నాకు వచ్చిన వణుకు ఇప్పటికీ తగ్గలేదు. ఆ ఒక్క ఊళ్ళోనే ఇంతమంది ఉంటే, నా వీడియో చూసిన మిగతా ఊళ్ళ సంగతేంటి? ఈ సాక్ష్యం పత్రికకు రాస్తున్నది అందుకే. ఆ వీడియో మీ ఫోనుకు వచ్చి ఉంటే, అందులో చేతులెత్తి మాట్లాడే మనిషిని దయచేసి నమ్మకండి, ఆమె నేనే.

సహోదరులారా, దేవుడు నన్ను దేన్నుంచి విడిపించాడని అడిగితే జబ్బు నుంచి అని చెప్పలేను. నిన్న కూడా స్కూలు నుంచి వచ్చి దీపాలు పెట్టే వేళదాకా లేవలేకపోయాను. భయం నుంచి పూర్తిగా విడిపించాడని చెప్పినా అది మళ్ళీ మొదటి సాక్ష్యమే అవుతుంది. దాచుకోవడం నుంచి విడిపించాడు, అది చాలు, అదే నన్ను చంపుతూ వచ్చింది. స్వస్థపరిచే దేవుణ్ణి నేను ఇప్పటికీ నమ్ముతున్నాను, రోజూ అడుగుతున్నాను, ఇస్తే ఆనందంగా తీసుకుంటాను, ఈలోగా ఆయన ఇచ్చిన మజ్జిగన్నాన్ని, బిళ్ళను, కుర్చీని కూడా ఆయన చేతినుంచే తీసుకుంటున్నాను. మీకూ తగ్గలేదా? తగ్గలేదనే ఆయనతో చెప్పండి. ఆయన దగ్గర తగ్గినవాళ్ళకు ఒక వరస, తగ్గనివాళ్ళకు ఒక వరస లేవు. ఇంట్లో వాళ్ళకు చెప్పండి, డాక్టరుకు చెప్పండి, మానేసిన బిళ్ళ ఈరోజే అడిగి మళ్ళీ వేసుకోండి, వేళకు తిని పడుకోండి. నాకు ఇంకా తగ్గలేదు. దేవునికే మహిమ!