వెనక్కి వెళ్లని కారు, ఎదురింటి ఆంటీ

"ఆంటీ పోయారక్కా" అని చెల్లి డబ్లిన్ నుంచి ఫోన్ చేసింది. ఏ ఆంటీ అని నేను అడగలేదు. మాకు ఊరినిండా ఆంటీలున్నా, ముందు పేరు తగిలించకుండా ఆంటీ అంటే మేము పెరిగిన బెంటన్‌విల్‌లో మా ఎదురింట్లో ఉన్న ఆవిడే. ఫ్రిస్కోలో, మధ్యాహ్నం నిద్రలో పోయారట. ఆఫీసులో నా పని అక్కడే వదిలేసి, కిందికి దిగి కార్లో కూర్చున్నాను.

నాకు పదిహేడు, చెల్లికి పదహారు ఉన్న వేసవిలో మేమిద్దరం ఒక కారు కొన్నాం. ఐస్‌క్రీమ్ షాపులో పనిచేసి కూడబెట్టిందంతా హైవే పక్కన ఒక ముసలాయన చేతిలో పెట్టి తెచ్చుకున్నాం. ఆయన దాన్ని రోడ్డువైపు తిప్పి ఉంచాడు. ఎందుకో ఇంటికొచ్చాక తెలిసింది. దానికి రివర్స్ పడదు.

"వెనక్కి పోని కారు కొన్నారా? ముందు నాకొక మాట చెప్పుంటే ఏం పోయేదే? మన డ్రైవ్‌వేలో పెట్టడానికి వీల్లేదు" అన్నారు నాన్న. ముసలాయనకు ఫోన్ చేస్తే తిరిగి తీసుకోనన్నాడు. చెల్లి రోడ్డు అంచున కూర్చుని ఏడ్చేసింది. అప్పుడు పిండి చేతులతోనే ఆంటీ బయటికి వచ్చారు.

"మా డ్రైవ్‌వే అర్ధచంద్రంలా ఉంటుంది కదన్నయ్యగారూ, ఇటు ఎక్కి అటు దిగిపోవచ్చు. మా ఇంటి ముందు పెట్టుకోనివ్వండి" అన్నారు. నాన్న లోపలికి వెళ్లిపోయారు.

వారం తర్వాత ఆంటీ ఆ కారు చుట్టూ ఒకసారి తిరిగి, "నాకు నేర్పుతారా అమ్మా?" అని అడిగారు. అప్పటికి ఆవిడకు యాభై దాటాయి. అంకుల్ పొద్దున ఆఫీసుకు కారు తీసుకెళ్తే, ఆ ఊళ్లో కొత్తిమీరకైనా శనివారం దాకా ఆగాల్సిందే. నేర్పమంటే "ఈ వయసులో నీకెందుకు, నేనున్నాగా" అనేవారట ఆయన.

ఆ వేసవంతా ఖాళీ చర్చి పార్కింగ్‌లో నేర్చుకున్నారు. కుచ్చిళ్లు పైకి దోపి, చెప్పులు విప్పి నడిపేవారు. కారు ఉన్నట్టుండి ఆగిపోతే చెల్లి విసుక్కునేది. ఆంటీ జంతికల డబ్బా మూత తీసి, "తినవే, దానికీ ఆయాసం రాదూ?" అనేవారు. "భయం ఉంటే ఉండనీ, కాలు మాత్రం వణక్కూడదు" అని ఇంకో మాట. ఆ మాటతో నేను చాలా చోట్ల గట్టెక్కాను.

లైసెన్స్ టెస్టులో వెనక్కి నడపమంటారు. మా కారుతో కుదరదు. అంకుల్ కారు అడగాలి. "కారు అడగడం ఎంతసేపమ్మా, ఇన్నాళ్లూ చెప్పకుండా నేర్చుకున్నానని చెప్పొద్దూ" అన్నారు ఆంటీ. చెప్పారు. ఆయన రెండు రోజులు మాట్లాడలేదు. మూడో రోజు పొద్దున తాళాలు టేబుల్ మీద వదిలేసి, తోటి ఉద్యోగి కారెక్కి ఆఫీసుకు వెళ్లారు.

టెస్టు రెండోసారికి పాసయ్యారు. మొదటిసారి ఒంటరిగా వెళ్లొచ్చిన రోజు, ఎక్కడికెళ్లారని అడిగాను.

"ఎక్కడికీ లేదే. చెరువు దగ్గర ఆపి, అద్దం దించుకుని కూర్చున్నా. ఇక వెళ్దామా అని ఎవరూ అనలేదు."

మా కారు ఆ చలికాలం దాటలేదు. మేము చదువులకు వెళ్లిపోయాం, వాళ్లు ఫ్రిస్కోకి మారారు. ఫోన్ చేసినప్పుడల్లా "ఎప్పుడొస్తావే? ఎయిర్‌పోర్టుకి నేనే వస్తా" అనేవారు. లీవు లేదాంటీ అనేదాన్ని. ఇన్నేళ్లలో ఒక్కసారే వెళ్లాను. ఆ లీవులన్నీ దేనికి దాచుకున్నానో ఇప్పుడు నాకే తెలియడం లేదు.

ఆ ఒక్కసారీ అన్నట్టే ఆవిడే వచ్చారు. దారిలో ముందు కారు ఆగిపోయి గట్టిగా బ్రేక్ వేయాల్సి వచ్చింది. ఆంటీ కుడిచేయి చటుక్కున నాకు అడ్డం వచ్చింది. సీటు బెల్టు పెట్టుకున్న ఇరవయ్యారేళ్ల దాన్ని. "పడతావే" అన్నారు, చూపు రోడ్డు మీదే ఉంచి. ముందు కారు కదిలేదాకా ఆ చేయి తీయలేదు. గాజులు నా భుజానికి చల్లగా తగులుతూ ఉన్నాయి.