వెనక అద్దం

తిరుచానూరు రోడ్డులో సెలూన్ నడిపే ఒక అన్న నాకు చాలా ఏళ్లు క్షవరం చేశాడు. పని కాగానే చిన్న అద్దం నా తల వెనక ఎత్తిపట్టి, "సూడబ్బా, వెనక నుంచి నువ్వే హీరో" అనేవాడు. "అంటే ముందు నుంచి కాదా అన్నా?" అని నేను ఏడిపించేవాణ్ని.

ఒకరోజు అద్దం ఎత్తలేదు.

"ఏమన్నా, నా బట్టతల దాస్తా ఉండావా?"

"చెయ్యి పైకి లేసేది లేదబ్బా. కండల్లో వాపు జబ్బంట. లోపల ఉప్పులు తారుమారైనాయంట, కండకు శక్తి పుట్టేది లేదంట."

"ఉప్పు కావాలంటే మా ఇంటికి రా అన్నా. నా పెళ్లాం సాంబారులో కావాల్సినంత ఉండాది."

నవ్వాడు. నవ్వడానికీ అలసిపోయినట్టున్నాడు.

ఆ తర్వాతి నెల నన్ను కుర్చీలో కాకుండా పొట్టి పీట మీద కూర్చోబెట్టాడు. మధ్యలో రెండుసార్లు కత్తెర పక్కన పెట్టి చెయ్యి వేలాడేసుకున్నాడు.

"ఎవురికీ సెప్పొద్దబ్బా. తెలిస్తే ఇంకో షాపుకు పోతారు."

నేను లేచి, చిన్న అద్దం తల వెనక నేనే పట్టుకున్నాను. జుట్టు మెట్లు మెట్లుగా ఉంది. నేను లేచిన పీట మీదే ఆయన కూలబడి నా మొహంకేసి చూస్తున్నాడు.

"వెనక నుంచి నేనే హీరో అన్నా" అన్నాను.