పేరు లేని ముప్పై వేల ఇటుకలు

ఆ వానకు పోయినవి ఇవీ: రెండు గుడిసెల కప్పులు, నాలుగు టార్పాలిన్లు, ఒక మేక, ఐదు కుటుంబాలు వారమంతా పోసిన పచ్చి ఇటుకలు. మొదటి మూడింటినీ ఎవరైనా లెక్కపెట్టగలరు. ఇటుకలు మాత్రం కరిగి ఒకే బురదగా పడి ఉన్నాయి.

రెండేళ్ల కిందటి మార్చి, జనగామ దగ్గర ఒక ఇటుక బట్టీ. ఒడిశా నుంచి వచ్చిన కుటుంబాలు అక్కడే గుడిసెలు వేసుకుని, వెయ్యికి ఇంత అని కూలికి ఇటుకలు పోస్తాయి. నేను భవన కార్మికుల సంఘంలో కూలి లెక్కలు చూస్తాను. బట్టీల వాళ్లను కూడగట్టే పని అప్పుడే మొదలుపెట్టాం.

శనివారం గుమాస్తా లెక్కపెట్టిన ఇటుకకే కూలి. ఎవరివో తెలియడానికి ప్రతి కుటుంబం తన వరుస చివరి ఇటుక మీద బొటనవేలితోనో ఆకుతోనో గుర్తు వేసుకుంటుంది. వాన శుక్రవారం సాయంత్రం పడింది. గుర్తులన్నీ చెరిగిపోయాయి. ఆ కూలి రాకపోతే బట్టీ యజమాని సేటు దగ్గర తీసుకున్న అడ్వాన్స్ తీరదు. తీరకపోతే వానాకాలానికి ముందు ఇంటికి కదలనివ్వడు.

సేటు కోప్పడలేదు. నిదానంగానే అన్నాడు: "ఎవరియి ఎన్నో చూపియ్యమను. చూపిచ్చినోళ్లకు ఇస్తా."

నేను గుడిసె గుడిసెకూ వెళ్లి ఎన్ని పోశారో అడిగాను. కూడితే నలభై ఒక్క వేలు వచ్చింది. ఆరబెట్టే నేలను కొలిస్తే, ఎంత కుక్కి పేర్చినా ముప్పై వేలకు మించి పట్టదు. ఈ లెక్క చూపిస్తే సేటు మొత్తానికే ఎగ్గొడతాడని చెప్పాను. అంతే, ఒకరి మీద ఒకరు ఒడియాలో విరుచుకుపడ్డారు. దొంగబుద్ధితో పెంచలేదు వాళ్లు, భయంతో పెంచారు.

చాలా ఏళ్లుగా వస్తున్న సాబిత్రికి తెలుగు బాగా వచ్చు. కాసేపు విని నా వైపు తిరిగింది.

"పేర్లు కొట్టెయ్యన్నా. ముప్పై వేలు, అందరియి అని చెప్పు. పంచుకునుడు మాకు ఇడిసిపెట్టు."

"లొల్లి పెట్టుకుంటరు గదా?"

"పెట్టుకుంటం. పైసలొచ్చినంక పెట్టుకుంటం."

ముప్పై వేలు, అందరివీ అని సేటుకు చెప్పాను. కూలి కట్టేదాకా పని లేదని మర్నాడు ఎవరూ ఇటుకల అచ్చు పట్టలేదు. సేటు సాబిత్రి భర్తను పక్కకు పిలిచి, మీ ఒక్కరి కూలి పూర్తిగా ఇస్తాను, పని మొదలుపెట్టమన్నాడు. అతను తిరిగొచ్చి ఆ మాట అందరి ముందూ చెప్పి, మళ్లీ వాళ్ల మధ్యే కూర్చున్నాడు. సాయంత్రానికి సేటు ఇరవై నాలుగు వేలకు కూలి కట్టి, మిగతాది సీజన్ అయినాక చూద్దామన్నాడు. పంపకం దగ్గర లొల్లి అయిన మాట నిజం. అయినా ఐదు అడ్వాన్సులూ తీరాయి, తొలకరికి ముందే అందరూ రైలెక్కారు.

ఎవరి వాటా ఎంతో తేలాకే మొత్తం అడగాలన్నది అంతకుముందు నా పద్ధతి. ఇప్పుడు ఏ బట్టీకి వెళ్లినా ముందు మొత్తమే అడుగుతున్నాను.

ఆ కుటుంబాలు ఇప్పుడు మహబూబాబాద్ వైపు పనిచేస్తున్నాయి. సాబిత్రి అప్పుడప్పుడు ఫోన్ చేసి, "సేటు ఇచ్చిండా అన్నా?" అని అడుగుతుంది. నేను వెళ్లి అడుగుతూనే ఉన్నాను. ఆరు వేల ఇటుకల కూలి ఇంకా రావాలి.