నా బండి మిస్సింగ్, నా బామ్మర్ది నోరు

నా బామ్మర్ది నోరు మూయించడానికి నేను మూడు నెలలు నోటు పుస్తకం రాశాను. అక్షరాలు నేర్చుకున్నది అందుకు కాదు. కానీ అవి నాకు బాగా పనికొచ్చింది మాత్రం అప్పుడే.

ముందు బండి సంగతి చెప్పాలి. ముప్పై ఏళ్లు లారీ తోలాను. తెలంగాణ వచ్చిన కొన్నాళ్లకు మోకాళ్లు మొండికేసి, లారీ ఎక్కడం దిగడం నా వల్ల కాలేదు. అప్పుడు ఒక పాత పెట్రోలు కారు కొన్నాను. మాది మర్రిగూడ దగ్గర ఊరు. ఫ్లోరైడు కలిసిన బోరు నీళ్లు తాగి పెరిగిన తరం మాది. బస్సు మెట్టెక్కలేని నడుములు, మడతపడని మోకాళ్లు ఇంటికొకటి ఉంటాయి. వాళ్లను నల్లగొండ దవాఖానకు తీసుకుపోయి మళ్లీ ఇంటి దగ్గర దింపడం నా పని. ఆ కారు లేకపోతే నేను అరుగు మీద కూర్చుని ఈగలు తోలుకునే ముసలోణ్ణి. అది నాకు తెలుసు, నా బామ్మర్దికీ తెలుసు.

బామ్మర్ది అంటే నా భార్యకు సొంత తమ్ముడు. కట్టంగూరు దగ్గర హైవే పక్కన వాడికి మెకానిక్ షెడ్డు ఉంది. పనిమంతుడే, అబద్ధం ఎందుకు చెప్పాలి. నోటికే అదుపు లేదు.

ఉగాదికి వాడే నా కారుకు, సిలిండర్లలో పెట్రోలుకు నిప్పు పెట్టే ప్లగ్గులు కొత్తవి వేశాడు. ఎండాకాలం ముదిరేసరికి బండికి మిస్సింగ్ పట్టుకుంది. నాలుగు సిలిండర్లలో ఒకటి ఉండుండి పని మానేయడాన్ని మేం మిస్సింగ్ అంటాం. మనిషి ఒక కాలు కుంటినట్టు బండి కుంటుతుంది. ఎక్సలేటర్ తొక్కితే ముందుకు పోకుండా ఊగుతుంది. అది రోజూ వస్తే ఎవడైనా పట్టుకుంటాడు. ఇది రెండు మూడు రోజులు వచ్చి, తర్వాత ఇరవై అయిదు రోజులు పత్తా లేకుండా పోయేది. షెడ్డుకు తీసుకుపోయిన రోజు పెండ్లిచూపుల్లో కూర్చున్న పిల్లలా బుద్ధిగా నడిచేది. బామ్మర్ది బానెట్ ఎత్తి, కాసేపు విని, మూసేసేవాడు.

"బండికేం గాలే బావా. మిస్సింగ్ నీ చెవులల్ల ఉన్నది" అనేవాడు. షెడ్డులో పనోళ్లు నవ్వేవాళ్లు.

జ్యేష్ఠం అమావాస్య దాటిన తెల్లారి మా ఊరి అవ్వ ఒకామెను దవాఖానకు తీసుకుపోతుంటే హైవే ఎక్కే మలుపులో బండి ఊగి ఊగి ఆగిపోయింది. వెనక లారీ హారన్ కొట్టుకుంటూ మా మీదికే వచ్చినట్టు వచ్చి పక్కకు తప్పుకుంది. అవ్వ నా భుజం పట్టుకున్న పట్టు ఇప్పటికీ యాదికుంది. ఆ తర్వాత చాలా రోజులు ఆమె నా కారు ఎక్కలేదు. ఆమెను చూసి ఇంకో నలుగురు ఎక్కలేదు.

అదే రోజు కుంటే బండిని కుంటుతూనే షెడ్డుకు తీసుకుపోయాను. ఈసారి వాడి ముందే మిస్సింగ్ కొట్టింది. గిరాకులు ఒక పది మంది చాయ్ తాగుతూ చూస్తున్నారు. వాడు చేతులు తుడుచుకుంటూ అందరికీ వినబడేట్టు చెప్పాడు.

"ఇంజన్ పనైపోయింది బావా. స్టీరింగ్ తిప్పుడు వేరు, ఇంజన్ సంగతి తెలుసుడు వేరు. వేలిముద్ర పెట్టెటోని చేతుల బండి పెడితే గిట్లనే అయితది. దసరా దాటినంక నేనే గిరాకిని తెస్త. అమ్మేసి ఇంట్ల కూసో."

నాకు రాయడం వచ్చి అప్పటికే రెండేళ్లు. లారీ దిగాక నా భార్యే నేర్పింది. ఆమె ఐదో తరగతి దాకా చదివింది. గోడకున్న క్యాలెండరే నాకు పలక, బలపం. వారాలు, తిథులు, పండుగల పేర్లు కూడబలుక్కుని చదివేవాణ్ణి. మొదటిసారి సంతకం చేసిన కాగితాన్ని ఈ బామ్మర్దికే చూపించాను. మంచిగుంది బావా అన్నాడు. అన్నవాడే పది మందిలో నన్ను వేలిముద్రగాణ్ణి చేశాడు.

దసరా దాటనీ అన్నాను. ఇంటికొచ్చి చెబితే నా భార్య కూడా, అమ్మేస్తేనే మంచిదేమో, దారిలో ఎవరికన్నా ఏమన్నా అయితే ఎట్లా అంది. అక్కాతమ్ముళ్లది ఒకే మాట అయింది. ఆ సాయంత్రమే దుకాణానికి పోయి రెండొందల పేజీల పుస్తకం తెచ్చాను.

రోజూ రాశాను. ఎంత దూరం పోయాను, ఎండనా వాననా, పెట్రోలు ఎక్కడ పోయించాను, మిస్సింగ్ ఉందా లేదా. ఒక్కో రోజు రాయడానికి చాయ్ చల్లారిపోయేంత సేపు పట్టేది. చేయి నొప్పి పెడితే ఆ షెడ్డులో నవ్వులు యాది చేసుకునేవాణ్ణి. నొప్పి పోయేది.

మొదట పెట్రోలును అనుమానించాను. బంకు మార్చాను, ఏం తేడా లేదు. తర్వాత నీళ్లను. మా బోరు నీళ్లు ఆరితే దేనిమీదైనా తెల్లటి పొర కడతాయి. బండి కడగడమే మానేశాను. అయినా వచ్చింది. వానాకాలం కదా, తడికి అట్లనే ఉంటుందన్నారు కొందరు. పుస్తకం చూస్తే వాన దంచిన రోజు మిస్సింగ్ లేదు, ఎండ కాసిన రోజు ఉంది.

శ్రావణం మొదట్లో మిస్సింగ్ మళ్లీ రాగానే వాకిట్లో బండి స్టార్టు చేసి, రబ్బరు చెప్పుతో పట్టుకుని ప్లగ్గుల మీద వైర్ల చివరన ఉండే రబ్బరు టోపీలు ఒక్కొక్కటే లాగాను. మంచి సిలిండర్ టోపీ లాగితే ఇంజన్ చప్పుడు ఇంకా పడిపోవాలి. ఒకటోది లాగితే పడిపోయింది, రెండోది లాగితే పడిపోయింది. మూడోది లాగితే ఏ తేడా లేదు. అంటే అది ముందే చచ్చి ఉంది. నాలుగోది లాగేటప్పుడు చెప్పు జారి కరెంటు భుజం దాకా కొట్టింది. నా భార్య పరుగెత్తుకొచ్చింది. నేను నవ్వుతున్నానని తిట్టింది. మూడోదని తేలింది. ఎందుకో, ఎప్పుడో తేలలేదు. ప్లగ్గు మార్చి చూద్దామనుకునేలోపు మిస్సింగ్ మళ్లీ పోయింది.

శ్రావణం పోయాక ఒక పొద్దున పుస్తకం, క్యాలెండర్ పక్కపక్కన పెట్టుకుని మిస్సింగ్ వచ్చిన తారీఖులు చదువుతున్నాను. నా భార్య బియ్యం ఏరుతూ, ఒక్కో తారీఖు మీద వేలు పెట్టి చూస్తోంది. ఆమె వేలు ఆగిపోయింది.

"అన్నీ అమాస తెల్లారే" అంది. తర్వాత మెల్లగా, "గాలి గిట్ల సోకిందా?" అంది.

గాలి కాదు. అమావాస్యకు నేనేం చేస్తానో యాదికి తెచ్చుకున్నాను. పొద్దున్నే బామ్మర్ది షెడ్డుకు పోతాను. తెలిసినోళ్ల బండ్లన్నీ వరుసగా పెడతారు. వాడు బానెట్లు ఎత్తి, నిమ్మకాయలు కట్టి, ఒక్కో బండికి కొబ్బరికాయ కొడతాడు. ఆ నీళ్లు దోసిట్లో పట్టి ఇంజన్ మీద చల్లుతాడు, దిష్టి ఇంజన్‌కే ముందు తగులుతుందని. మాకు అలవాటే. లారీకి ముప్పై ఏళ్లు నేను కూడా అట్లనే చల్లాను. డీజిల్ ఇంజన్‌కు ఈ ప్లగ్గులుండవు, ఎన్ని నీళ్లు పోసినా ఏమీ కాదు. నా కారు పెట్రోలుది. వాడు చల్లుతుంటే దండం పెట్టుకుని నిలబడ్డది నేనే.

అనుమానం ఉంటే సరిపోదు. రుజువు కావాలి. మధ్యాహ్నం ఒక కొబ్బరికాయ కొట్టి, మంచిగా నడుస్తున్న ఇంజన్ మూడో టోపీ మీద దోసెడు నీళ్లు పోశాను. మా బాపు గొర్లకాడ కప్పుకున్న నల్ల గొంగడి ఇంట్లో ఉంది. ఎండలో మెరుపు కనబడదు కదా, దాన్ని బానెట్ మీదా నా తల మీదా కప్పి లోపల చీకటి చేశాను. బండి కుంటడం మొదలైంది. ఆ చీకట్లో టోపీ పక్క నుంచి ఇంజన్ ఇనుము మీదికి నీలం నిప్పు చిటుకూ చిటుకూమని దూకుతోంది. సిలిండర్‌లో పడాల్సిన నిప్పు బయటే పడుతోంది. అట్లనే చూస్తూ ఉండిపోయాను. అంత సంతోషం నాకు పెండ్లినాడు కూడా లేదు.

బండి ఆపి, టోపీ ఊడదీసి చూశాను. రబ్బరు నిలువునా చీలింది. చీలిక పక్కన పటకారు పండ్లు దిగిన గుర్తులు. ప్లగ్గు తెల్ల పింగాణీ మీద పెన్సిల్‌తో గీసినట్టు నల్ల గీత. ఉగాదినాడు చేతితో లాగాల్సిన టోపీని వాడు పటకారుతో లాగాడు. చీలిన దాంట్లోకి నెలనెలా వాడే నీళ్లు పోశాడు. నాలుగు రోజులకు ఆరిపోతే, నా చెవుల్లో రోగమన్నాడు.

నల్లగొండలో కొత్త వైరు, కొత్త ప్లగ్గు తెచ్చి వేసుకున్నాను. పాత టోపీని గుడ్డలో చుట్టి దాచి, పుస్తకం చివరి పేజీలో జరిగిందంతా వరుసగా రాశాను. బతుకమ్మ మొదలయ్యే భాద్రపద అమావాస్య, మా పెత్రమాస కోసం ఎదురుచూశాను.

ఆ పొద్దున నా భార్య కూడా బండెక్కింది. నేను ఎందుకు పోతున్నానో ఆమెకు తెలుసు.

"వాడు నా తమ్ముడు. చెప్తె చెప్పు, నలుగుర్ల చెప్పకు" అంది.

నేను గేరు వేశాను.

షెడ్డు ముందు బండ్ల వరుస ఉంది. బామ్మర్ది కొబ్బరికాయ పట్టుకుని వచ్చి నా బానెట్ మీద చేయి వేశాడు. ఆ చేయి పక్కకు జరిపి, పుస్తకం చివరి పేజీ తీసి పెట్టాను.

"ఏందిది బావా, బతుకమ్మ పాటలు రాసినవా?"

"సదువు. గా చివరోనికి వినవడాలె."

వాడు నవ్వుకుంటూనే మొదలుపెట్టాడు. ఆషాఢం అమాస, షెడ్డుల కాయ కొట్టిండు, తెల్లారి మిస్సింగ్. అక్కడి దాకా నవ్వు ఉంది. శ్రావణం అమాస, షెడ్డుల కాయ కొట్టిండు, తెల్లారి మిస్సింగ్. గొంతు తగ్గింది. గట్టిగా చదవమన్నాను. చాయ్ తాగేవాళ్లు గ్లాసులు పట్టుకుని దగ్గరికొచ్చారు. మూడో టోపీ మీద పటకారు పండ్లు అన్న దగ్గర వాడు ఆగాడు. గుడ్డ విప్పి టోపీని వాడి అరచేతిలో పెట్టాను. వాడు దాన్ని తిప్పి చూశాడు. పనిమంతుడు కదా, చూడగానే తెలిసిపోయింది.

"గిది లోపట చెప్తె అయిపోయేది గద, బావా" అన్నాడు, చిన్నగా.

"నువ్వు లోపట చెప్పినవా?"

పనోళ్లలో ఒకడికి నవ్వొచ్చి, పక్కకు తిరిగాడు. బామ్మర్ది చేతిలోని కాయ తీసుకుని ముందు టైరు దగ్గర రాయి మీద కొట్టాను. నీళ్లన్నీ మట్టిలోకి పోయాయి. "దసరాకు గిరాకిని తేకు" అని చెప్పి బండెక్కాను.

ఇంటిదాకా ఇంజన్ ఒక్కచోట కూడా తడబడలేదు. నా భార్య కిటికీలోంచి పత్తి చేన్లు చూస్తూ కూర్చుంది.

సద్దుల బతుకమ్మకు ఏటా ఆమె తమ్ముడి ఇంటికి పోతుంది. నాలుగు రోజుల ముందే వాడు ఫోన్ చేసి, అక్కా ఎప్పుడొస్తున్నవ్ అని అడుగుతాడు. ఆ ఏడు ఫోన్ రాలేదు. ఆమె మా ఊళ్లోనే తంగేడు పూలు తెంపుకొచ్చి, మా వాకిట్లోనే బతుకమ్మ పేర్చుకుని ఆడవాళ్లతో పోయింది. నేను వంగి పళ్లెం అందించబోతే, నా చేతిలోంచి కాకుండా నేల మీద నుంచే ఎత్తుకుంది.

దవాఖానకు పోయే అవ్వ మళ్లీ నా బండెక్కింది. ఆ రోజు సంగతి రాద్దామని పుస్తకం తీస్తే, ముందటి రోజు కింద నా భార్య చేతిరాత కనబడింది. గుండ్రటి అక్షరాలు, నేను చూసి నేర్చుకున్నవే. కూడబలుక్కుని చదివాను.

"బండి మంచిగైంది. నువ్వే మంచిగ లేవు."

కొట్టెయ్యలేదు. దాని కింద తారీఖు వేసి, పోయిన దూరం వేసి, మిస్సింగ్ లేదు అని రాశాను. రెండో మాటకు జవాబు రాయలేదు. రాయడం రాక కాదు.