ముంబై హైవే మీద ఆవిరి లారీ

తెలంగాణ ఉద్యమం రోజుల్లో మా ఐటీ వాళ్ళకు బంద్ అంటే ఇంట్లో కూర్చుని ల్యాప్‌టాప్ తెరవడం, తెరిచి పని చేస్తున్నట్టు కనిపించడం. అప్పట్లో చందానగర్‌లో ఒక ఇంటి పై వాటాలో అద్దెకుండేవాళ్ళం. మాది అనంతపురం, మా ఆవిడది తణుకు. కింద ఇంటి ఓనరు ఉండేవాడు. మెదక్ మనిషి. ఆయనకు టెంట్ హౌస్ ఉంది. పెళ్ళిళ్ళకు షామియానాలూ గిన్నెలూ అద్దెకిచ్చేవాడు, ధర్నాలకు ఊరికే ఇచ్చేవాడు. అందుకని మా వైపు ఉద్యమంలో ఆయన మాటకు బరువుండేది. నీడ ఎవరిదో మాట వాళ్ళదే కదా.

నేను చదివింది మెకానికల్ ఇంజినీరింగ్. చేసేది ఎవరో అమెరికా వాళ్ళ ఇన్సూరెన్సు తెరలకు బటన్లు పెట్టడం. అన్నేళ్ళు బాయిలర్ల గురించి బట్టీ పట్టినందుకు నా చేతిమీదుగా ఒక్కటైనా కదలాలని ఉండేది. లండన్ నుంచి వస్తున్న టీమ్‌మేట్ ఏం తెమ్మంటారని అడిగితే అందరూ సెంట్లు చెప్పారు, నేను ఆవిరి లారీ చెప్పాను. పాతకాలపు లారీకి చిన్న నమూనా, విడిభాగాల పెట్టెలో వచ్చింది. మనమే బిగించుకోవాలి. బాయిలర్లో నీళ్ళు పోసి కింద స్పిరిటు దీపం వెలిగిస్తే, ఆవిరి పిస్టన్‌ను తోసి చక్రాలు తిప్పుతుంది. స్క్రూలు ఆవగింజలంత. ఒకటి పోపులో పడిందని మా ఆవిడ ఇప్పటికీ అంటుంది.

వరసగా బంద్‌లు పడటంతో లారీ తొందరగానే తయారైంది. మొదటిసారి బాల్కనీలో వెలిగించాను. దీపం మంట ఆరేసిన చున్నీ అంచును పలకరించింది.

"ఏవండీ, మీ ఇడ్లీ పాత్ర పట్టుకుని మేడ మీదకు పొండి," అంది మా ఆవిడ. "కాలిస్తే మీ చొక్కాలు కాల్చుకోండి."

మేడ మీద మళ్ళీ ఆవిరి పడుతుండగా ఓనరు వచ్చాడు. స్పిరిటు వాసన, గొట్టాలు, బుసబుస. రోజులు కూడా అటువంటివి.

"ఏంది తమ్మీ, బాంబు గిట్ల చేస్తున్నవా?"

"లారీ అంకుల్. ఆవిరితో నడుస్తుంది."

ఆయన లుంగీ ఎగ్గట్టి గొంతుక్కూర్చున్నాడు. నేను ఫ్లైవీల్‌ను వేలితో తిప్పాను. పిస్టన్ టకటకలాడింది. లారీ కదిలింది, వెనక్కి. తిప్పి పెట్టాను. మళ్ళీ వెనక్కే. ఆవిరిని లోపలికి వదిలే వాల్వును ఎక్కడో తిరగేసి బిగించినట్టున్నాను.

"మీ సీమ బండి గదా," అన్నాడు ఓనరు తృప్తిగా. "ఎనుకకే పోతది."

"పోసింది మీ మంజీరా నీళ్ళు అంకుల్."

ఆయన వేలు ఆడిస్తూ, "నీళ్ళ ముచ్చట తియ్యకు. ఆడనే లొల్లి మొదలైంది," అన్నాడు.

ఆ రోజు నుంచి ఆయన రోజూ మేడెక్కేవాడు. రాష్ట్రం గురించి పోట్లాడుకుంటూ ఇద్దరం వాల్వు విప్పేవాళ్ళం, బిగించేవాళ్ళం. పోట్లాట సమంగా ఉండేది, లారీ వెనక్కే పోయేది. మేడ గచ్చు వాన నీటికోసం వాలుగా పోసింది కాబట్టి ఎటు వదిలినా చివరికి పిట్టగోడకు గుద్దుకునేది. చదునైన నేల కావాలన్నాడాయన.

"రేపు హైవే మీద వంటావార్పు ఉన్నది. ఒక్క బండి తిరగది. గింత మంచి రోడ్డు మళ్ళ దొరుకుతదా?"

మర్నాడు ఆయన వెంట లారీని తువ్వాల్లో చుట్టుకుని వెళ్ళాను. ఎప్పుడూ దాటడానికే భయపడే ముంబై హైవే మీద షామియానా వేసి, రాళ్ళపొయ్యిల మీద బగారన్నం వండుతున్నారు. డప్పులు, నినాదాలు. నేనొక పక్కన కూర్చుని దీపం వెలిగించాను. ఆవిరి పట్టింది. వదిలాను. అది రోడ్డుమీద ఒయ్యారంగా వెనక్కి నడవడం మొదలుపెట్టింది. డప్పులవాళ్ళు డప్పులు ఆపి దాని వెంట పడ్డారు.

మెడలో కండువా వేసుకున్న కార్యకర్త ఒకాయన ఎదురొచ్చాడు.

"అన్నా, బంద్ నాడు బండి నడుపుడేంది? రూలు అందరికీ ఒక్కటే."

నవ్వుతున్నాడేమో అని చూశాను. నవ్వడం లేదు. ఇది బండేనా కాదా అని చర్చ లేచింది. చక్రాలున్నాయి కాబట్టి బండే అన్నారు కొందరు. మనిషి ఎక్కేది కాదు కాబట్టి కాదన్నారు ఇంకొందరు. నా మాటలో సీమ యాస విని, "ఈ సారుది ఏ ఊరు?" అన్నారు మరొకరు. నేను తువ్వాలు మడతపెట్టడం మొదలుపెట్టాను.

ఓనరు చేతిలో గరిటెతోనే వచ్చాడు.

"బంద్ అంటే బండ్లు ముందుకు పోవద్దని. ఇది ఎనుకకు పోతున్నది. కండ్లు కనవడ్తలేవా? ఇగ మనిషంటే, నా కిరాయిదారు. ఇంకేమన్న అడిగేది ఉన్నదా?"

ఎవరో లారీ మీద 'జై తెలంగాణ' కాగితం అంటించారు. అది అలాగే ఇంకాస్త దూరం వెనక్కి పోయి, నీళ్ళయిపోయి నిలబడింది. అప్పుడే అనంతపురం నుంచి మా నాయన ఫోన్.

"యాడుండావు రా?"

"రోడ్డుమీద ఉండా నాయనా. వంటావార్పు చేస్తాండారు."

"మంచి పని చేసినావు. రాష్ట్రం ఒకటిగా ఉండాలని మేమూ ఈడ రోడ్డుమీదనే వండుతాండాం. మనోళ్ళు ఆడా లేచినారన్నమాట."

ఎటూ చెప్పలేక గొణుగుతుంటే ఓనరు ఫోన్ లాక్కున్నాడు.

"నమస్తే పెద్దాయనా. ఏం వండుతున్నరు? చిత్రాన్నమా? ఎందరికి? అయితే అన్నం పెద్ద గిన్నెల కలపకుర్రి, ముద్దయితది. చాప మీద ఆరబోసి కలపుర్రి."

అటువైపు మా నాయన ఎవరినో చాప తెమ్మని కేకేస్తున్నాడు. ఇటు డప్పులు మళ్ళీ మొదలయ్యాయి. నిమ్మకాయలు ఎప్పుడు పిండాలో వాళ్ళిద్దరూ చాలాసేపు మాట్లాడుకున్నారు. ఆ రాత్రి నాయన మళ్ళీ ఫోన్ చేసి, చిత్రాన్నం పొడిపొడిగా వచ్చిందనీ, మన సమైక్య నాయకుడు బాగా తెలిసినవాడనీ అన్నాడు. అవును నాయనా అన్నాను. వేడి బాయిలర్ తగిలి కాలిన నా వేలికి మా ఆవిడ వెన్న రాస్తోంది.