జంట సైకిలు ముందు సీటు

గుండుసూదులు పెట్టుకోవడానికి దర్జీలకు నోటిని మించిన చోటు లేదు. ఆవిడకు ఆ అలవాటు పని నేర్చుకునే రోజుల్లోనే పట్టుకుంది. పెదవుల మధ్య సూదులు బిగించి, వాటి సందులోంచి "చెయ్యి ఎత్తండి, అటు తిరగండి" అని గొణుగుతూనే సగం జీవితం గడిచిపోయింది. నోట్లో సూదులు లేనప్పుడు కూడా మాట అలాగే వచ్చేది. కొట్టుకు వచ్చినవాళ్లు "ఏంటీ?" అని రెండోసారి అడగడం మామూలే. ఇంట్లో మాత్రం ఇబ్బంది లేదు. భర్త బస్సు డ్రైవరు. ఇద్దరికీ సరిపడా ఆయనే అరిచేవాడు.

వాళ్లకొక జంట సైకిలు ఉంది. ఒకే చట్రం మీద ముందొక సీటు, వెనకొక సీటు. దారి మళ్లించడం, బ్రేకు వెయ్యడం ముందు సీటు పని. వెనక సీటుకు తొక్కడమే పని. ఏటా ఎండలు తగ్గాక ఒక బృందంతో కలిసి సముద్రం ఒడ్డు వెంబడి వారం రోజుల యాత్రకు వెళ్లేవారు. ఎప్పుడూ ఆయన ముందు, ఆవిడ వెనక. ఆవిడకు ఎదురుగా ఆయన వీపు, దాని మీద తను కుట్టిన చొక్కా. ఆయన మలుపు తీసుకోబోయే ముందు భుజం దగ్గర గుడ్డ ముడత పడేది. అది ఏ భుజమో చూసి ఆవిడ ఒళ్లు వాల్చేది. మలుపు వస్తోందని ఆయన ఏనాడూ చెప్పలేదు. ఆయన అరుపులన్నీ దారిన పోయే లారీల మీదే.

ఉద్యోగం నుంచి దిగిపోయిన కొన్నాళ్లకు ఆయన చూపుకు మధ్యలో మచ్చ పడింది. ఎదుట నిలబడ్డ మనిషికి చెవులు కనిపిస్తాయి, ముఖం ఉండదు. పక్కల చూపు మాత్రం బాగానే ఉంది. కళ్ల డాక్టరు సైకిలు వద్దన్నాడు. ఆయన అమ్మేస్తానని కూర్చున్నాడు.

"అమ్మడం దేనికి? నేను ముందు కూర్చుంటా" అంది ఆవిడ.

"ఏంటీ?"

ఆవిడ మళ్లీ చెప్పాల్సి వచ్చింది.

ఆయన కాసేపు గడ్డం గోక్కుని ఒప్పుకున్నాడు. ఒక షరతు పెట్టాడు. ఈ యాత్ర చివరిదాకా తొక్కితే సైకిలు ఉంటుంది, లేకపోతే అమ్మకం. కొనేవాడు దూరంలో లేడు. ఏటా వాళ్లతో పాటు వచ్చే బేకరీ ఆయనకు ఆ సైకిలు మీద ఎప్పటినుంచో కన్ను. బయల్దేరిన రోజే వచ్చి సైకిలు చట్రం నిమిరాడు. "గీతలు పడకుండా తొక్కు వదినా, రేపు నాకిచ్చేటప్పుడు బాగుండాలి."

మొదటి రోజు బాగానే గడిచింది. ఆ దారి ఆయనకు కంఠతా వచ్చు. వెనక కూర్చుని "ఇప్పుడు కుడి, ఇక ఎడమ" అని తనే చెప్పుకుంటూ వాలిపోయేవాడు. మర్నాటి దారిలో ఒకచోట సముద్రం పాత రోడ్డును కోసేసి ఉంది. కొత్త రోడ్డు ఎడమకు తిప్పి వేశారు. ఆవిడ ఎడమకు తిప్పింది, ఆయన పాత లెక్కన కుడికి వాలాడు. సైకిలు ఎటూ వెళ్లలేక ఇద్దరినీ ఇసుకలో పడేసింది.

బృందాన్ని నడిపే అమ్మాయి మందుల సంచీతో పరుగున వచ్చింది. "బాబాయ్, ఒకసారికి సరే. ఇంకోసారి పడితే సైకిలు మన వెనకొచ్చే సామాన్ల వ్యానెక్కుతుంది, మీరిద్దరూ కూడా. ఎవరికైనా ఇదే రూలు."

"ఎక్కించు తల్లీ, నేనే తాళ్లు కడతా" అన్నాడు బేకరీ ఆయన.

సాయంత్రం బసలో ఆవిడ ఆయన మోచేతికి దూది అద్దుతూ అడిగింది. "అటెందుకు వాలారు?"

"అక్కడ మలుపుంది."

"ఇప్పుడు లేదు."

"లేదని నాకెవరు చెప్పారు?"

ఆవిడ దూది పక్కన పెట్టింది. కొత్త మలుపు తనకు దూరం నుంచే కనిపించింది. చూసింది, ఊరుకుంది.

"నా చొక్కా ముడతలు చూసి నువ్వు వాలేదానివి. నీ వీపు మీద నాకేం కనిపిస్తుందోయ్, మచ్చ తప్ప?" అన్నాడాయన.

తెల్లారగట్ల ఆవిడ ఒడ్డుకు వెళ్లి, అలలకు ఎదురుగా నిలబడి "ఎడమ! కుడి! గుంట!" అని అరవడం మొదలుపెట్టింది. ఎవరో మునిగిపోతున్నారనుకుని ఆ అమ్మాయి నోట్లో బ్రష్షుతోనే పరిగెత్తుకొచ్చింది.

"ఏమైంది పిన్నీ?"

"ఏం లేదు. గొంతు సాగదీస్తున్నా. వినిపించిందా?"

"వ్యాన్ డ్రైవర్ లేచి కూర్చున్నాడు!"

ఆ రోజు దారిలో పెద్ద దిగుడు ఉంది. కొండ మీద నుంచి నీళ్ల దాకా మెలికలు తిరుగుతూ దిగే రోడ్డు. మిగతావాళ్లు ముందే దిగి కింద నిలబడ్డారు. బేకరీ ఆయన చేతులు కట్టుకుని పైకే చూస్తున్నాడు.

"కుడి!" అని అరిచింది ఆవిడ. ఆయన వాలాడు. "ఎడమ! గుంట, లేవండి!" ఆయన సీటు మీంచి లేచాడు. సగం దిగాక ఆయన పాత జ్ఞాపకం ఊరుకోలేదు.

"ఏమోయ్, ఇక్కడ ఎడమ కదా..."

"నోరు ముయ్యండి! కుడి!"

పెళ్లయ్యాక ఆవిడ నోట ఆయన ఆ మాట వినడం అదే మొదలు. నోరు మూసుకుని కుడికి వాలాడు. ఆ ఊపులోనే మిగతా మలుపులు దాటి, కింద నిలబడ్డవాళ్ల ముందు నుంచి దూసుకుపోయి, చాలా దూరం వెళ్లి ఆగారు.

భోజనాల దగ్గర ఆయన నోరు ఆగడం లేదు. ఎర్ర తెరచాప వేసిన పడవ, బండ మీద వరసగా తెల్ల పక్షులు, నీళ్లలో ఒంటరిగా ఈదుతున్న ముసలాయన.

"నీకెలా కనిపించాయి అన్నయ్యా?" అన్నాడు బేకరీ ఆయన.

"పక్కనున్నవి కనిపిస్తాయయ్యా. ముందున్నవి మీ వదినకు వదిలేశా." భార్య వైపు తిరిగాడు. "పడవ చూశావా నువ్వు?"

ఆవిడ చూసింది తారు, గుంటలు, మలుపులు. ఇన్నేళ్లూ సాయంత్రాలు తను పడవల గురించి చెబుతుంటే ఆయన "ఔనా" అంటూ ఎందుకు వినేవాడో ఇప్పుడు తెలిసింది. ఆయన పడవ సంగతి మళ్లీ మొదటినుంచి చెప్పాడు.

ఇంకా నాలుగు రోజుల దారి ఉంది. బేకరీ ఆయన అప్పుడే అడిగేశాడు. "ఇంతకీ సైకిలు ఇస్తున్నట్టా, లేనట్టా?"

"ముందు సీటును అడుగు" అన్నాడాయన.

ఆవిడ నోరు తెరిచింది. గొంతు పూర్తిగా పోయింది, గాలి మాత్రమే వచ్చింది.

"ఏంటీ?" అన్నాడు బేకరీ ఆయన.

ఆవిడ తల అడ్డంగా ఊపింది. రెండోసారి అడగాల్సిన అవసరం రాలేదు.